బ్రౌజర్ల తేడాలు, వెబ్‌సైట్ల పరీక్ష: ఒక చరిత్ర (1990–2022)

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒకే వెబ్ పేజీ వేర్వేరు బ్రౌజర్లలో వేర్వేరుగా కనిపించడానికి గల చారిత్రక కారణాలను వివరించగలుగుతారు.
• వెబ్ ప్రమాణాల ఉద్యమాన్నీ, యాసిడ్ పరీక్షల ప్రాధాన్యాన్నీ అంచనా వేయగలుగుతారు.
• వెబ్‌సైట్లను పరీక్షించే పద్ధతులు కాలక్రమంలో ఎలా మారాయో చెప్పగలుగుతారు.
• ఈ చరిత్రలో తెలుగు పాఠకుని స్థానమేమిటో చర్చించగలుగుతారు.

1. పరిచయం

మీ చేతిలోని ఈ పుస్తకాన్ని ఆదిలాబాద్‌లో చదివినా, అనకాపల్లిలో చదివినా 20వ పేజీ 20వ పేజీయే. ముద్రణాలయంలో అచ్చయిన అక్షరం ఎక్కడా మారదు. వెబ్ పేజీ సంగతి అలా కాదు. సర్వర్ పంపేది కేవలం పాఠ్యమూ, దానిని ఎలా అమర్చాలో చెప్పే సూచనలూ మాత్రమే. ఆ సూచనలను చదివి తెరపై పేజీని పేర్చే పని పాఠకుని యంత్రంలోని బ్రౌజర్‌ది. కాబట్టి పేజీ తయారుచేసినవాడు తన తెరపై చూసేదీ, పాఠకుడు తన తెరపై చూసేదీ ఒకటే అయి ఉండాలన్న నియమం లేదు.

ఈ తేడాలను ముందుగా కనిపెట్టి సరిచేయడానికి వెబ్‌సైట్‌ను రకరకాల బ్రౌజర్లలో, వాటి పాత, కొత్త వెర్షన్లలో తెరిచి చూస్తారు. పైకి ఇది సాంకేతిక నిపుణుల రోజువారీ పని. అయితే ఆ పనిలో ఒక నిర్ణయం ఇమిడి ఉంది. ప్రపంచంలో ఉన్న బ్రౌజర్లన్నిటిలో పరీక్షించడం ఎవరివల్లా కాదు. అందువల్ల ప్రతి సంస్థా ఒక జాబితా రాసుకుంటుంది. జాబితాలో ఉన్న బ్రౌజర్ వాడేవాడికి పేజీ సరిగా అందుతుంది. లేనివాడి సంగతి అదృష్టం. ఆ జాబితాలను ఏ కాలంలో ఎవరు, ఏ కారణాలతో నిర్ణయించారన్నదే ఈ భాగంలోని ప్రధాన ప్రశ్న.

2. తొలి దశ (1990–1994)

జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో వెబ్‌కు సంబంధించిన తొలి ప్రతిపాదన రాశాడు. 1990 చివరికి తొలి బ్రౌజర్ తయారైంది. అయితే అది నెక్స్ట్ అనే ఖరీదైన కంప్యూటర్‌పై మాత్రమే పనిచేసేది. సెర్న్‌లోని శాస్త్రజ్ఞుల దగ్గర ఉన్నవి రకరకాల యంత్రాలు. అందుకే నికోలా పెల్లో అనే విద్యార్థిని ఏ సాధారణ టెర్మినల్‌పైనైనా నడిచే లైన్ మోడ్ బ్రౌజర్‌ను రాసింది. అందులో బొమ్మలు లేవు, రకరకాల అక్షర రూపాలు లేవు, పాఠ్యం మాత్రమే ఉండేది. ఏ యంత్రం ఉన్నవాడికైనా సమాచారం అందాలన్నది వెబ్ తొలి ఆదర్శమని దీనివల్ల తెలుస్తుంది.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా మొజాయిక్ బ్రౌజర్‌ను రూపొందించారు. పేజీలో బొమ్మను చొప్పించే ఇమేజ్ ట్యాగ్‌ను ఆండ్రీసన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రతిపాదించాడు. ఇతరులు వేరే పద్ధతులు సూచించారు. చర్చ తేలకముందే ఆ ట్యాగ్ మొజాయిక్‌లో చేరి జనంలోకి వెళ్లిపోయింది. ముందు బ్రౌజర్‌లో పెట్టడం, తరువాత దానినే ప్రమాణంగా ఒప్పించడం అనే పద్ధతికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

3. బ్రౌజర్ల పోరు (1995–2000)

ఆండ్రీసన్ భాగస్వామిగా 1994లో ఏర్పడిన నెట్‌స్కేప్ సంస్థ అదే డిసెంబర్‌లో నావిగేటర్ 1.0ను విడుదల చేసింది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో రంగంలోకి దిగింది. వెబ్‌కు ఉమ్మడి ప్రమాణాలు రూపొందించడానికి బెర్నర్స్-లీ 1994 అక్టోబర్‌లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియంను స్థాపించాడు. ప్రమాణాల సంఘం చర్చలతో నడిచేది, కంపెనీలు పోటీతో నడిచేవి. పోటీ వేగాన్ని చర్చ అందుకోలేకపోయింది.

నెట్‌స్కేప్ ఉద్యోగి బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో పది రోజుల్లో ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషకు తొలి రూపం ఇచ్చాడు. అదే జావాస్క్రిప్ట్. మైక్రోసాఫ్ట్ దానికి దీటుగా 1996లో జేస్క్రిప్ట్‌ను తెచ్చింది. రెండూ చాలావరకు ఒకటే, పూర్తిగా ఒకటి కాదు. 1997లో రెండు కంపెనీలూ నాలుగో వెర్షన్లు విడుదల చేసేసరికి ఈ చీలిక పరాకాష్ఠకు చేరింది. పేజీలోని ఒక భాగాన్ని కదిలించాలంటే నెట్‌స్కేప్‌కు ఒక విధంగా, ఎక్స్‌ప్లోరర్‌కు మరొక విధంగా రాయాలి. అంటే ఒకే పని రెండుసార్లు రాసి, రెండుసార్లు పరీక్షించాలి.

దీనిని అర్థం చేసుకోవడానికి మన రైల్వేల చరిత్ర ఉపకరిస్తుంది. బ్రాడ్ గేజ్, మీటర్ గేజ్ కలిసే స్టేషన్లలో సరుకంతా ఒక బండి నుంచి దించి మరొక బండిలోకి ఎక్కించాల్సి వచ్చేది. పట్టాల కొలత నిర్ణయించినవారు వేరు, ఆ కూలి ఖర్చు భరించినవారు వేరు. బ్రౌజర్ల విషయంలోనూ తేడాలు సృష్టించింది కంపెనీలు, మూల్యం చెల్లించింది వెబ్‌సైట్ తయారుచేసినవారు.

ఆ ఖర్చు భరించలేనివారు దగ్గరి దారి వెతుక్కున్నారు. "ఈ సైట్‌ను ఫలానా బ్రౌజర్‌లో చూస్తే బాగుంటుంది" అనే బొమ్మను మొదటి పేజీలో అంటించారు. ఒక కంప్యూటర్‌లో రాసినది మరో కంప్యూటర్‌లో చదవలేని పాత రోజులకు ఇది మనల్ని తీసుకుపోతుందని బెర్నర్స్-లీ 1996లోనే విమర్శించాడు. పరీక్షించాల్సిన బాధ్యతను పాఠకుని నెత్తిన రుద్దడమే ఆ బొమ్మకు అర్థం.

3.1 బ్రౌజర్ తన పేరు దాచుకోవడం

ప్రతి బ్రౌజర్ పేజీని అడిగేటప్పుడు సర్వర్‌కు తన గుర్తింపు పేరు చెబుతుంది. నెట్‌స్కేప్ తనను మొజిల్లా అని చెప్పుకునేది. ఫ్రేములున్న మెరుగైన పేజీలను చాలా సర్వర్లు మొజిల్లా అన్నవారికే పంపేవి. దానితో ఎక్స్‌ప్లోరర్ కూడా తన పేరును మొజిల్లాతోనే మొదలుపెట్టింది. తరువాత వచ్చినవన్నీ అదే దారి పట్టాయి. నేటికీ ప్రధాన బ్రౌజర్లన్నిటి గుర్తింపు మొజిల్లా 5.0 అనే మాటతోనే మొదలవుతుంది.

వెర్షన్ సంఖ్య చుట్టూ కూడా ఇలాంటి చిక్కే వచ్చింది. 2009లో ఒపేరా 10 విడుదలైనప్పుడు కొన్ని సైట్లు ఆ సంఖ్యలోని మొదటి అంకెను మాత్రమే చదివి, దానిని 1వ వెర్షన్‌గా భావించాయి. చివరికి ఒపేరా తన వెర్షన్‌ను 9.80 అని చెప్పుకోవాల్సి వచ్చింది. పేరును బట్టి పాఠకుణ్ణి వడకట్టే పద్ధతి ఎంత బలహీనమైనదో ఈ ఉదంతాలు చూపుతాయి.

4. ఒకే బ్రౌజర్ ఏలుబడి (2001–2006)

ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో కలిపి ఇవ్వడంపై అమెరికా ప్రభుత్వం 1998 మేలో మైక్రోసాఫ్ట్‌పై దావా వేసింది. 2001లో రాజీ కుదిరింది. అప్పటికే మార్కెట్ ఫలితం తేలిపోయింది. 2001 ఆగస్టులో విడుదలైన ఎక్స్‌ప్లోరర్ 6 రోజులకు వచ్చేసరికి వెబ్ చూసేవారిలో పదిమందికి తొమ్మిది మంది పైగా ఎక్స్‌ప్లోరర్‌నే వాడుతున్నారు. పోటీ లేకపోవడంతో తరువాతి వెర్షన్ అయిన ఎక్స్‌ప్లోరర్ 7 రావడానికి ఐదేళ్లు పట్టింది. అది 2006 అక్టోబర్‌లో విడుదలైంది.

ఒకే బ్రౌజర్ ఉంటే పరీక్ష సులభమే కదా అని మీకు అనిపించవచ్చు. ఆ కాలంలో చాలా సంస్థలు అలాగే అనుకున్నాయి. దక్షిణ కొరియా అనుభవం దీనికి సమాధానం చెబుతుంది. బలమైన సంకేత పద్ధతుల ఎగుమతిపై అమెరికా ఆంక్షలున్న 1990ల చివర కొరియా సీడ్ అనే సొంత సంకేత పద్ధతిని రూపొందించుకుంది. బ్రౌజర్లలో అది లేదు కనుక యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ సాధనం ద్వారా దానిని జోడించారు. ఫలితంగా అక్కడి బ్యాంకు లావాదేవీలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు ఏళ్ల తరబడి విండోస్‌లోని ఎక్స్‌ప్లోరర్‌కే కట్టుబడిపోయాయి. వేరే బ్రౌజర్లు ఎంత మెరుగైనా ప్రజలు మారలేకపోయారు. ఆ విధానానికి మూలమైన ప్రభుత్వ ధ్రువపత్రాల ప్రత్యేక హోదా 2020 డిసెంబర్‌లో గాని రద్దు కాలేదు.

5. ప్రమాణాల ఉద్యమం, యాసిడ్ పరీక్షలు

1998లో కొందరు వెబ్ రూపకర్తలు వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ పేరుతో సంఘటితమయ్యారు. వారి డిమాండ్ సూటిగా ఉండేది. కన్సార్షియం ఒప్పుకున్న ప్రమాణాలను బ్రౌజర్ కంపెనీలు పాటించాలి, అప్పుడు పేజీని ఒక్కసారి రాస్తే చాలు.

ప్రమాణానికీ, అమలుకూ మధ్య దూరం ఎంతో ఒక లెక్కతో చూద్దాం. పేజీలో ఒక పెట్టెకు వెడల్పు 300 పిక్సెళ్లు, ఇరువైపులా లోపలి ఖాళీ 20 చొప్పున, అంచు గీత 5 చొప్పున ఇచ్చారనుకోండి. సీఎస్‌ఎస్ ప్రమాణం ప్రకారం 300 అన్నది లోపలి పాఠ్యం వెడల్పు. కనుక మొత్తం పెట్టె 300+40+10, అంటే 350 పిక్సెళ్లు. ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం విండోస్‌పై మొత్తం పెట్టెనే 300గా తీసుకునేది. ఈ 50 పిక్సెళ్ల తేడాతో పక్కపక్కన ఉండాల్సిన రెండు నిలువు వరుసలు ఒకదాని కింద ఒకటి జారిపోయేవి. పాత పేజీలు చెడకుండా కొత్త ప్రమాణాన్ని ఎలా తేవాలన్న సమస్యకు 2000లో మాకింటోష్ కోసం వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 5 ఒక మార్గం చూపింది. పేజీ మొదటి పంక్తిలోని డాక్‌టైప్ ప్రకటనను చూసి, పాత పద్ధతిలో చూపాలో, ప్రమాణం ప్రకారం చూపాలో బ్రౌజర్ నిర్ణయించుకుంటుంది. ఇతర బ్రౌజర్లు కూడా దీనిని అనుసరించాయి.

1998 అక్టోబర్‌లో టాడ్ ఫార్నర్ రూపొందించిన యాసిడ్ పరీక్ష ఈ ఉద్యమంలో ఒక మలుపు. అప్పటిదాకా బ్రౌజర్‌కు సరిపోతుందా లేదా అని వెబ్‌సైట్‌ను పరీక్షించేవారు. ఇప్పుడు ప్రమాణానికి సరిపోతుందా లేదా అని బ్రౌజర్‌నే పరీక్షించసాగారు. 2005 ఏప్రిల్‌లో వచ్చిన యాసిడ్ 2లో అన్నీ సరిగా ఉంటే తెరపై నవ్వుతున్న ముఖం కనిపించాలి, లేకుంటే ముఖం వికృతంగా మారుతుంది. ఏ కంపెనీ వెనకబడిందో సామాన్యుడికి కూడా ఒక్క చూపులో తెలిసిపోయేది. ఆపిల్ వారి సఫారీ దీనిని ముందుగా నెగ్గింది. 2008 మార్చిలో వచ్చిన యాసిడ్ 3లో నూటికి ఎన్ని మార్కులన్నది కంపెనీల మధ్య పోటీగా మారింది. 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0, 2008 సెప్టెంబర్‌లో గూగుల్ క్రోమ్ రావడంతో పోటీ మళ్లీ మొదలైంది. తొలి పోరులో పోటీ ప్రమాణాలను చీల్చింది. ఈసారి ప్రమాణాలను పాటించడంలోనే పోటీ సాగింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
అ) ఒపేరా 10 తన వెర్షన్‌ను 9.80గా ఎందుకు చెప్పుకుంది?
ఆ) యాసిడ్ 2 పరీక్షలో నవ్వు ముఖం ప్రయోజనం ఏమిటి?

6. పరీక్షా పద్ధతుల వికాసం

మొదట్లో పరీక్ష అంటే గదిలో నాలుగైదు కంప్యూటర్లు వరుసగా పెట్టుకుని, ఒక్కొక్కదానిలో పేజీ తెరిచి కళ్లతో చూడడమే. ఎక్స్‌ప్లోరర్ విండోస్‌లో అంతర్భాగం కావడం వల్ల ఒకే యంత్రంలో దాని రెండు వెర్షన్లు మామూలుగా ఇమిడేవి కావు. అందువల్ల కంప్యూటర్ లోపలే మరొక కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్ మెషీన్లు వాడుకలోకి వచ్చాయి. పాత వెర్షన్ల పరీక్ష కోసం మైక్రోసాఫ్టే అలాంటి యంత్ర ప్రతులను ఉచితంగా అందించింది.

రెండో మార్పు యాంత్రీకరణ. 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగ్గిన్స్ సెలీనియం అనే సాధనానికి పునాది వేశాడు. మనిషి చేసినట్టే బటన్లు నొక్కి, వివరాలు నింపి, ఫలితం సరిగా వచ్చిందో లేదో అది చూస్తుంది. దాని నుంచి వికసించిన వెబ్‌డ్రైవర్ పద్ధతి 2018లో కన్సార్షియం ప్రమాణమైంది. వందల రకాల ఫోన్లు, బ్రౌజర్లు సొంతంగా కొనలేని సంస్థలకు వాటిని ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే సేవలు మరొక మార్గం. ఈ రంగంలో ప్రసిద్ధి చెందిన బ్రౌజర్‌స్టాక్ 2011లో ముంబైలో మొదలైంది.

మూడో మార్పు ఆలోచనలో వచ్చింది. 2006లో యాహూ సంస్థ బ్రౌజర్లను మూడు శ్రేణులుగా వర్గీకరించింది. 'ఎ' శ్రేణి బ్రౌజర్లకు అన్ని సౌకర్యాలూ అందాలి, పూర్తి పరీక్ష జరగాలి. 'సి' శ్రేణిలోని పాత బ్రౌజర్లకు అలంకారాలు లేకున్నా అసలు సమాచారం తప్పక అందాలి. 'ఎక్స్' శ్రేణిలోని అరుదైన, కొత్త బ్రౌజర్లను పరీక్షించకపోయినా వాటిని అడ్డుకోరాదు. ఏ బ్రౌజర్‌కైనా పేజీ అచ్చం ఒకేలా కనిపించాలన్న పట్టు వదిలి, ఏ పాఠకుడూ ఖాళీ చేతులతో వెళ్లకూడదన్న సూత్రాన్ని ఇది ముందుకు తెచ్చింది. 2009లో వచ్చిన మోడర్నైజర్ వంటి సాధనాలు "నీ పేరేమిటి?" అని అడగడం మాని "ఈ పని నీకు వచ్చా?" అని బ్రౌజర్‌ను అడిగే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాయి.

అదే 2009లో భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు రూపొందించిన మార్గదర్శకాలు సైట్‌ను ఒకటికి మించిన బ్రౌజర్లలో పరీక్షించాలని పేర్కొన్నాయి. పౌరుడు ప్రైవేటు సైట్ నచ్చకపోతే మరొకటి చూసుకోగలడు. ధ్రువపత్రానికో, పింఛనుకో ప్రభుత్వ సైట్ ఒక్కటే దిక్కు. అందువల్ల అక్కడ పరీక్ష జాబితా పౌర హక్కుకు సంబంధించిన విషయం అవుతుంది.

7. తెలుగు పాఠకుని అనుభవం

ఇంతవరకు చెప్పిన చరిత్ర ప్రధానంగా ఇంగ్లీషు పేజీలది. తెలుగు పేజీలకు మరొక మెట్టు ఎక్కువ. 1991 నాటి యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. కానీ సంకేత సంఖ్యలు ఉంటే చాలదు. తగిన ఫాంట్ ఉండాలి, ఒత్తులనూ గుణింతాలనూ సరిగా పేర్చే సామర్థ్యం ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఉండాలి, బ్రౌజర్ దానిని వాడుకోవాలి.

ఇవి సమకూరని 1990ల చివర తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లను ఆశ్రయించాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చి, ఆ ఫాంట్‌ను పేజీతోపాటు పంపేవారు. దీనిని డైనమిక్ ఫాంట్ అనేవారు. ఇక్కడా బ్రౌజర్ల పోరు అడ్డొచ్చింది. 1997లో నెట్‌స్కేప్ ఒక ఫాంట్ పద్ధతిని, మైక్రోసాఫ్ట్ మరొక పద్ధతిని తెచ్చాయి. ఎక్స్‌ప్లోరర్‌కు అనువుగా చేసిన పేజీని ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్త బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపించేవి. ఆ పాఠ్యాన్ని వెతకడం కూడా సాధ్యమయ్యేది కాదు, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో అది తెలుగే కాదు. ఈ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధం పుట్టింది.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో తెలుగుకు యూనికోడ్ మద్దతు ఇచ్చింది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే పెరిగింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు స్థానంలో ఖాళీ పెట్టెలు కనిపించేవి. ఒపేరా మినీ బ్రౌజర్ సర్వర్‌లోనే అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపగలిగేది కనుక చాలామంది దాని సెట్టింగ్ మార్చుకుని తెలుగు చదువుకున్నారు.

2018 ఫిబ్రవరిలో జరిగిన సంఘటన ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది. 'జ్ఞా' రూపంలో కనిపించే ఒక తెలుగు అక్షర క్రమం సందేశంలో వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. లోపం అక్షరాలను పేర్చే ఆపరేటింగ్ సిస్టమ్ భాగంలో ఉంది. జ్ఞానం, విజ్ఞానం వంటి మాటలు మనకు నిత్య వాడుక. ఆ మాటల్లోని అక్షరానికి అంత దగ్గరగా ఉన్న ఒక క్రమం విడుదలకు ముందు పరీక్షలో పట్టుబడలేదు. కోట్లమంది మాట్లాడే భాష కూడా పరీక్షల కంట పడకపోవచ్చునని ఈ సంఘటన రుజువు చేసింది.

8. నిరంతర వెర్షన్లు, తగ్గుతున్న వైవిధ్యం

2010 నుంచి క్రోమ్, 2011 నుంచి ఫైర్‌ఫాక్స్ కొన్ని వారాలకొకసారి కొత్త వెర్షన్‌ను విడుదల చేస్తూ, వాటంతట అవే మారేలా చేశాయి. దానితో ఎక్స్‌ప్లోరర్ 6 లాగా ఒకే వెర్షన్ ఏళ్ల తరబడి పాతుకుపోవడం తగ్గింది. 2022 మార్చిలో క్రోమ్, మే నెలలో ఫైర్‌ఫాక్స్ 100వ వెర్షన్‌కు చేరినప్పుడు, మూడంకెల సంఖ్యను చదవలేని సైట్లు ఉంటాయేమోనని రెండు సంస్థలూ ముందే పరీక్షలు నిర్వహించాయి. ఒపేరా 10 నేర్పిన పాఠం అప్పటికి వృథా కాలేదన్నమాట. అదే ఏడాది జూన్ 15న మైక్రోసాఫ్ట్ చాలా విండోస్ 10 యంత్రాలపై ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు ముగించింది.

ఇదే కాలంలో బ్రౌజర్ల లోపలి యంత్రాంగాలు తగ్గిపోయాయి. ఒపేరా 2013లో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరిలో తమ సొంత యంత్రాంగాలను వదిలి గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంను స్వీకరించాయి. దీనితో ప్రధానంగా మూడే మిగిలాయి. అవి గూగుల్ వారి బ్లింక్, ఆపిల్ వారి వెబ్‌కిట్, మొజిల్లా వారి గెకో.

దీనిని ఎలా అంచనా వేయాలి? పరీక్ష ఖర్చు తగ్గింది గనుక ఇది లాభమేనని ఒక వాదన. క్రోమియం మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది, ప్రధాన బ్రౌజర్ల సంస్థలు ఉమ్మడి పరీక్షల సంపుటిని కలిసి నిర్వహిస్తున్నాయి కనుక 2001 నాటి పరిస్థితి పునరావృతం కాదని వీరంటారు. తయారీదారులు క్రోమ్‌లో మాత్రమే చూసి సరిపెట్టుకుంటే పాత కథే మళ్లీ మొదలవుతుందని రెండో వాదన. కొరియా అనుభవాన్ని గమనిస్తే రెండో వాదనకు ఎక్కువ బలం కనిపిస్తుంది. అక్కడ హాని చేసింది చెడ్డ బ్రౌజర్ కాదు. ఇంకొక బ్రౌజర్ వాడేవాడు ఉండవచ్చునన్న ఆలోచన లేకుండా తీసుకున్న నిర్ణయమే హాని చేసింది.

9. సారాంశం

వెబ్ పేజీని పాఠకుని బ్రౌజరే పేరుస్తుంది కనుక తేడాలు సహజం. 1995–2000 మధ్య కంపెనీల పోటీ ఆ తేడాలను పెంచింది. తరువాత ఒకే బ్రౌజర్ ఆధిపత్యం వాటిని కప్పిపుచ్చింది. ప్రమాణాల ఉద్యమం, యాసిడ్ పరీక్షలు బాధ్యతను కొంతవరకు బ్రౌజర్ కంపెనీల మీదికి మళ్లించాయి. పరీక్షా పద్ధతులు మనిషి కంటి నుంచి యంత్రానికీ, పేరు అడగడం నుంచి సామర్థ్యం అడగడానికీ మారాయి. తెలుగు వంటి లిపులకు పరీక్ష జాబితాలో చోటు దానంతట అది దక్కలేదు. రేపు మీరు ఉద్యోగంలో ఒక వెబ్‌సైట్ తయారుచేయవచ్చు, చేయించవచ్చు, లేదా ఆమోదించే అధికారి కావచ్చు. ఏ బ్రౌజర్లలో, ఏ ఫోన్లలో, ఏ భాషలో పరీక్షించారో ఆ రోజు అడగండి. ఆ జవాబును బట్టే ఆ సైట్ ఎవరి కోసం తయారైందో తెలుస్తుంది.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1995–2006 మధ్య బ్రౌజర్ల చరిత్ర వెబ్‌సైట్ల పరీక్షపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
2. పరీక్షా పద్ధతుల వికాసంలోని ప్రధాన దశలను తెలపండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దక్షిణ కొరియా అనుభవం నుంచి నేర్చుకోవలసిన పాఠం ఏమిటి?
2. డైనమిక్ ఫాంట్ల వల్ల తెలుగు పాఠకులు ఎదుర్కొన్న ఇబ్బందులను పేర్కొనండి.

III. అభ్యాసం
మీకు అందుబాటులో ఉన్న ఏదైనా తెలుగు ప్రభుత్వ వెబ్‌సైట్‌ను రెండు వేర్వేరు బ్రౌజర్లలో, ఒక ఫోన్‌లో తెరవండి. కనిపించిన తేడాలను పట్టికగా రాసి, ఆ తేడాల వల్ల ఏ పాఠకునికి ఏ సమాచారం అందకుండా పోతుందో చర్చించండి.